రెండు పలకల అద్దానికి ఒక్క చోటు చూపించండి

కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు అధ్యక్షులకు బహిరంగ లేఖ



విశాఖపట్నంలో కస్టమ్స్ బ్రోకరుగా ఇరవై ఏళ్లకు పైబడి పని చేస్తున్నాను. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తల్లో మమ్మల్ని కస్టమ్ హౌస్ ఏజెంట్లు, పొట్టిగా సీహెచ్‌ఏలు అనేవారు. అప్పట్లో కాగితాల కట్ట చంకన పెట్టుకుని కస్టమ్ హౌస్ మెట్లెక్కి, అప్రైజర్ గారి బల్ల ముందు నిలబడి, సరకు ఏమిటో చేత్తో చూపిస్తూ చెప్పేవాళ్లం. ఇప్పుడు బిల్ ఆఫ్ ఎంట్రీ కంప్యూటర్‌లో వేస్తాం. దాన్ని చదివే అధికారి ఏ ఊళ్లో ఉంటారో మాకు తెలియదు, మేమెవరమో వారికి తెలియదు. ఈ పద్ధతి మంచిదే. చాలా అవినీతిని అది కడిగేసింది, ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. అయితే ముఖం చూడని అధికారికి సరకు ఏమిటో తెలియాలంటే టారిఫ్ పుస్తకంలోని మాట ఒక్కటే ఆధారం. ఆ మాట ఒక్కో ఊళ్లో ఒక్కో అర్థంలో చదివితే ఏం జరుగుతుందో ఒక్క సరకు పట్టుకుని చెబుతాను. అది గాజు. ఇన్సులేటెడ్ గ్లాస్ యూనిట్.

అద్దాల పనివాళ్లు దీన్ని డీజీయూ, అంటే డబుల్ గ్లేజ్డ్ యూనిట్ అంటారు. రెండు గాజు పలకలు, వాటి మధ్య అంచుల వెంట చుట్టూ ఒక సన్నటి పట్టీ. దాన్ని స్పేసర్ అంటారు. మామూలుగా అల్యూమినియందే, లోపల బోలుగా ఉంటుంది, ఆ బోలులో తేమ పీల్చుకునే గుళికలు పోస్తారు. పట్టీకీ గాజుకీ మధ్య బ్యూటైల్ పూత, దాని వెలుపల సిలికాన్ గానీ పాలీసల్ఫైడ్ గానీ గట్టిగా నింపుతారు. మధ్య ఖాళీలో పొడి గాలి ఉంటుంది, లేదంటే ఆర్గాన్ వాయువు. ఇన్వాయిస్ మీద 6-12-6 అని ఉంటే 6 మిల్లీమీటర్ల పలక, 12 మిల్లీమీటర్ల ఖాళీ, మళ్లీ 6 మిల్లీమీటర్ల పలక అని అర్థం. చదరపు మీటరుకు గాజు బరువే 30 కిలోలు. న్యూయార్క్‌కు చెందిన థామస్ స్టెట్సన్ ఇలా రెండు పలకలు జోడించే పద్ధతికి 1865 ఆగస్టు 1న అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. అంటే ఇది నిన్నమొన్నటి వింత వస్తువు కాదు.

మన దగ్గర దీని అవసరం ఎండ వల్ల వచ్చింది. హైదరాబాద్ గచ్చిబౌలిలో గానీ మా బీచ్ రోడ్డు మీద గానీ గాజు గోడల భవనం కడితే, ఒక్క పలక అద్దం వేడిని ఆపలేదు. దాని యూ విలువ, అంటే అద్దం గుండా వేడి సాగిపోయే రేటు, 5.7 దగ్గర ఉంటుంది. ఇంధన పొదుపు భవన నియమావళి, మేం ఈసీబీసీ అనేది, 2017 ప్రతిలో మన వాతావరణానికి గరిష్ఠంగా 3.0 పెట్టింది. మామూలు డీజీయూ 2.8 దగ్గర నిలుస్తుంది. వేడిని వెనక్కి తిప్పే లో-ఇ పూత వేసి ఆర్గాన్ నింపితే అందులో సగానికి దిగుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఈ నియమావళిని 2014లోనే తమ నిబంధనల్లోకి తెచ్చుకున్నాయి. కాబట్టి పెద్ద వాణిజ్య భవనం గాజుతో కట్టేవాళ్లకు రెండు పలకలు సోకు కాదు, చట్టం పెట్టిన గీత. ఒక ప్రభుత్వ శాఖ ఇది వాడమంటున్నప్పుడు, దీన్ని ఏమని పిలవాలో ఇంకో శాఖ తేల్చి చెప్పాలి కదా?

నిజానికి టారిఫ్ పుస్తకం తేల్చే చెప్పింది. 70వ అధ్యాయం గాజుది. అందులో 7005 ఫ్లోట్ గ్లాస్, 7006 అంచు చెక్కినదీ వంచినదీ రంధ్రాలు వేసినదీ, 7007 సేఫ్టీ గ్లాస్, అంటే టఫెన్ చేసినది (దీన్నే టెంపర్డ్ అని కూడా అంటారు) లేదా లామినేట్ చేసినది. ఆ పక్కనే 7008, బహుళ పొరల ఇన్సులేటింగ్ గాజు యూనిట్లు. ఆరు అంకెల దాకా వెళ్లినా అది 7008 00 ఒక్కటే, ఉపవిభాగాలు లేవు. ప్రపంచ కస్టమ్స్ సంస్థ వివరణల్లో దీని రూపురేఖలు స్పష్టంగా ఉన్నాయి: రెండు గానీ అంతకు మించి గానీ పలకలు, మధ్య పొడి గాలి లేదా జడ వాయువు, అంచులు గాలి చొరకుండా మూసి ఉండాలి. కిటికీలకూ పైకప్పులకూ వాడతారు, వేడిని, చప్పుడును, తేమ పట్టడాన్ని ఆపుతాయి. మనం ఇప్పుడే మాట్లాడుకున్న వస్తువే అది.

ఇక్కడ చరిత్రలో ఒక చిన్న మలుపు ఉంది. పాతకాలం బ్రస్సెల్స్ వర్గీకరణ పట్టికలో ఈ ఇన్సులేటింగ్ గాజుకు సొంత శీర్షిక లేదు. వంచిన గాజుతో, అంచు చెక్కిన గాజుతో కలిపి 70.07లో ఉంచారు. సేఫ్టీ గాజు అప్పుడు 70.08. 1988 జనవరి 1న అమల్లోకి వచ్చిన హార్మనైజ్డ్ సిస్టమ్, అంటే హెచ్‌ఎస్ దీన్ని విడదీసి సొంత ఇల్లు కట్టించింది, నంబర్లు కూడా అటుదిటు మారాయి. మన దేశం 1986 ఫిబ్రవరి 28 నుంచే టారిఫ్‌ను ఆ పద్ధతికి తెచ్చుకుంది. ఎవరో కూర్చుని, ఆలోచించి, ఈ వస్తువు వేరు అని నిర్ణయించారన్న మాట. ఇవాళ దాన్ని మళ్లీ 7007లోకి తోస్తే ఆ నిర్ణయాన్ని వెనక్కి తిప్పినట్టే.

అలా తోస్తున్నారు కాబట్టే ఈ ఉత్తరం.

నా పార్టీ ఒకరు, అంటే నేను పని చేసిపెట్టే దిగుమతిదారు, హైదరాబాద్‌లో ఆఫీసు భవనం కడుతూ విదేశంలో ఒకే ఫ్యాక్టరీ నుంచి డీజీయూలు తెప్పించారు. పార్టీ పేరు, రేవుల పేర్లు చెప్పను. ఎవరి మీదా ఫిర్యాదు చేయడం నా ఉద్దేశం కాదు. మొదటి రెండు కంటైనర్లు ఒక రేవుకు వచ్చాయి. 7008 అని వేశాం, ఒక్క ప్రశ్నా లేకుండా బయటికి వచ్చాయి. మూడోది ఓడ మారి ఇంకో రేవుకు వెళ్లింది. అదే ఇన్వాయిస్ భాష, అవే చెక్క క్రేట్లు. క్వెరీ పడింది: "వివరణలో టెంపర్డ్ అని ఉంది. 7007 ఎందుకు కాదు?" జవాబు పెట్టాం. రెండో క్వెరీ వచ్చింది. డ్రాయింగులు పంపాం. మూడోసారి సరకు తెరిచి చూసి శాంపిల్ తీయమన్నారు.

శాంపిల్ అంటే బస్తాలోంచి గుప్పెడు బియ్యం తీయడం లాంటిదని ఆ అధికారి అనుకుని ఉండొచ్చు. డీజీయూ నుంచి శాంపిల్ తీయాలంటే సీలు కోయాలి. సీలు కోసిన క్షణం ఆర్గాన్ పోతుంది, బయటి తేమ లోపలికి వస్తుంది, గుళికలు కొన్నాళ్లలో నిండిపోతాయి, ఆ తర్వాత ఆ అద్దం లోపల శాశ్వతంగా మంచు పట్టినట్టు మసకబారుతుంది. తుడవడానికి వీల్లేదు, మసక ఉన్నది రెండు పలకల మధ్య. పైగా ఆ యూనిట్ ఆ భవనంలో ఒక్క కంతకే సరిపోయే కొలత. టఫెన్ చేసిన పలకను తర్వాత కోయడం కుదరదు, కోస్తే మొత్తం పొడి అవుతుంది. మళ్లీ తయారు చేయించి తెప్పించాలంటే నెలలు. సైటు ఇంజినీరు కుర్రాడు నాకు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "సార్, ఒక్కటి పోయినా పద్నాలుగో అంతస్తులో కంత అలా తెరిచే ఉంటుంది, వానలు మొదలయ్యాయి" అన్నాడు. ఆ గొంతు నాకింకా చెవిలో ఉంది.

చివరికి ఏం చేశారంటే పార్టీ దిగొచ్చారు. కంటైనర్ అద్దె, రేవులో డెమరేజి, పైన సైటులో ఖాళీగా కూర్చున్న అద్దాల బిగింపు మనుషుల కూలి, అన్నీ లెక్కేసుకుని, 7007 కిందే డ్యూటీ కట్టేసి సరకు తెచ్చుకున్నారు. అక్కడితో ఆగితే ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. మూడో కంటైనర్‌కు మీరే 7007 ఒప్పుకున్నారు కదా, మరి మొదటి రెండింటికీ 7008 ఎలా వేశారని తర్వాత తక్కువ కట్టిన డ్యూటీని రాబట్టే కస్టమ్స్ చట్టం సెక్షన్ 28 కింద అడిగారు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. భయపడి ఇచ్చిన డబ్బు నేరాన్ని ఒప్పుకున్నట్టయింది.

ఇలా దిగొచ్చినవాళ్ల లెక్కంతా మీ డేటాలో కూర్చుంటుంది. రేపు ఇంకో అధికారి గత దిగుమతులు చూస్తే డీజీయూలు 7007లో కనిపిస్తాయి. అదే పూర్వ ఉదాహరణ అవుతుంది. వాదించి గెలిచిన వర్గీకరణ కాదది, డెమరేజికి జడిసి ఒప్పుకున్నది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ విషయమే.

చట్టం వైపు నుంచి చూద్దాం. వర్గీకరణకు ఆరు సాధారణ నియమాలున్నాయి. మొదటి నియమం ప్రకారం శీర్షికలో రాసిన మాట, అధ్యాయం గమనికలు చూడాలి. పలకలు టఫెన్ చేసినవైనా కాకపోయినా, రెండు పలకలు గాలి చొరకుండా మూసి ఇన్సులేషన్ కోసం తయారు చేసిన యూనిట్‌ను 7008 మాటలు అక్షరాలా వర్ణిస్తున్నాయి. 7008లో గాజు మామూలుదై ఉండాలని ఎక్కడా షరతు లేదు. ఎవరైనా రెండు శీర్షికలూ వర్తిస్తాయని అన్నా, మూడో నియమంలో మొదటి మాట ఏది నిర్దిష్టంగా వర్ణిస్తే దానికి పెద్దపీట వేయమంటుంది. సేఫ్టీ గాజు అనేది పలక ఎలాంటిదో చెబుతుంది. ఇన్సులేటింగ్ యూనిట్ అనేది వస్తువు ఏమిటో చెబుతుంది. ఇవన్నీ పక్కన పెట్టినా, 7007 వివరణలే బహుళ పొరల ఇన్సులేటింగ్ గాజు తమలోకి రాదని, 7008కి వెళ్లమని చెబుతున్నాయి. టారిఫ్ వివాదాల్లో ఈ హెచ్‌ఎస్ వివరణలే నమ్మదగిన దారి అని సుప్రీంకోర్టు 1995లోనే ఉడ్ క్రాఫ్ట్ ప్రొడక్ట్స్ కేసులో చెప్పింది. అది చెక్కతో చేసే బ్లాక్ బోర్డుల మీద వచ్చిన కేసు, కానీ సూత్రం అన్నిటికీ ఒకటే.

అందుకే, ఇన్వాయిస్‌లో "టెంపర్డ్" అనే మాట కనబడగానే 7007 వైపు చెయ్యి వెళ్లడం చదవడంలో తొందర తప్ప చట్టం కాదు. ఎగుమతిదారు ఆ మాట రాయకుండా ఉండలేడు. కొనేవాడికి అది కావాలి. రాయకపోతే దాచాడంటారు, రాస్తే తప్పు శీర్షిక వేశాడంటారు. సరకు వివరణ నిజంగా ఉండి, దాని మీద తనకు తోచిన హక్కు కోరితే అది తప్పుడు ప్రకటన కాదని 1998లో నార్తర్న్ ప్లాస్టిక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా దిగుమతిదారు భయపడతాడు. ఎందుకంటే వాస్తవాలు దాచాడని అంటే సెక్షన్ 28 నోటీసుకున్న రెండేళ్ల గడువు ఐదేళ్లవుతుంది, దాని మీద డ్యూటీతో సమానమైన జరిమానా దాకా పోవచ్చు.

శాఖ భయంలోనూ న్యాయం ఉందని నాకు తెలుసు. ఫ్లోట్ గ్లాస్ మీద కొన్ని దేశాల నుంచి వచ్చేవాటికి యాంటీ డంపింగ్ సుంకం వేసిన సందర్భాలున్నాయి. దాన్ని తప్పించుకోవడానికి రెండు ఫ్లోట్ పలకల మధ్య ప్లాస్టిక్ ముక్కలు పెట్టి, టేపు చుట్టి, ఇదిగో ఇన్సులేటింగ్ యూనిట్ అని తెచ్చేవాడు ఉండొచ్చు. వాణ్ని పట్టుకోవాలి. దానికి సీలు కోయనక్కరలేదు. స్పేసర్ చుట్టూ ఉందా, మూలల్లో ఖాళీ లేకుండా కలిసిందా, రెండు వరుసల సీలు కనిపిస్తోందా, ఇవన్నీ అంచు దగ్గర టార్చి వేసి చూస్తే కనిపిస్తాయి. లోపల ఎన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఉందో, ఏ పలక మీద పూత ఉందో బయటినుంచే చెప్పే లేజర్ పరికరాలు అద్దాల ఫ్యాక్టరీల్లో రోజూ వాడతారు. అలాంటివి ఒక్కొక్కటి రేవుకు ఇస్తే, పద్నాలుగో అంతస్తులో కంత తెరిచి ఉండదు.

విడివిడిగా పలకలు, స్పేసర్లు, సీలెంట్ డ్రమ్ములు ఒకే కంటైనర్‌లో వస్తే అది యూనిట్ కాదు, ఆ విషయంలో నేను మీ వైపే. నియమం 2(ఎ) విప్పి తెచ్చిన వస్తువును పూర్తి వస్తువుగా చూడమంటుంది, కానీ మరలు బిగించి కూర్చే పని మాత్రమే మిగిలి ఉన్నప్పుడు. డీజీయూ తయారీలో పలక కడగడం, బ్యూటైల్ పూయడం, వాయువు నింపడం, సీలెంట్ గట్టిపడే దాకా ఆగడం ఉన్నాయి. అది కూర్పు కాదు, తయారీ. సిలికాన్ సీలెంట్ 3214కి, ఆర్గాన్ 2804కి, గాజు దాని శీర్షికకు పోవాల్సిందే.

సేఫ్టీ ప్రమాణాల సంగతి కూడా ఉంది. సరకు 7007 కింద పడగానే భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్, దాని ఐఎస్ 2553 ప్రమాణం, 2020 నాటి సేఫ్టీ గ్లాస్ నాణ్యత నియంత్రణ ఉత్తర్వు, ఇవన్నీ వరుసలో వచ్చి నిలబడతాయి. దీని నుంచి తప్పించుకోవడానికే 7008 అడుగుతున్నారని కొందరు అధికారులు అనుకుంటారు. నా మటుకు ఎత్తులో బిగించే ప్రతి అద్దమూ పగిలినా మనిషిని కోయకుండా ఉండాల్సిందే. నికెల్ సల్ఫైడ్ నలక ఒకటి లోపల ఉంటే టఫెన్ చేసిన అద్దం ఎవరూ ముట్టకుండానే పగులుతుంది. అందుకే మంచి ఫ్యాక్టరీలు దాన్ని ముందే వేడిలో ఉంచి పరీక్షిస్తాయి. యూనిట్‌లోని పలకలకు ప్రమాణం కావాలంటే 7008 కింద వచ్చిన యూనిట్లకూ వర్తిస్తుందని సూటిగా రాయండి. భద్రత కోసం వర్గీకరణను వంచవద్దు.

ఈ నంబరు ప్రభావం డ్యూటీ రేటు దగ్గరే ఆగదు. మూలం దేశాన్ని కూడా ఇదే తేలుస్తుంది. ఆసియాన్ ఒప్పందంలో సాధారణ నియమం 35 శాతం విలువ ఆ ప్రాంతంలో చేరాలి, దాంతోపాటు ఆరు అంకెల ఉపశీర్షిక మారాలి. బయటి దేశం నుంచి తెచ్చిన టఫెన్డ్ పలకలతో మలేషియాలో డీజీయూ చేస్తే, పలకలు 7007, యూనిట్ 7008, ఉపశీర్షిక మారినట్టే. అదే మన రేవులో యూనిట్‌నే 7007 అన్నారనుకోండి, మార్పే జరగలేదు, ఒప్పందపు రాయితీ మొత్తం పోతుంది. 2020 సెప్టెంబర్ 21 నుంచి మూలం నిబంధనల కింద ఆధారాలు దిగుమతిదారే చూపాలి. ఒక్క అంకె తప్పు చదివితే ఎక్కడో మలేషియా ఫ్యాక్టరీలో చెమటోడ్చి చేసిన పని లేనట్టే అయిపోతుంది.

ఎగుమతి వైపు కూడా ఇదే తంటా, అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి. మన ఫ్యాక్టరీలు చేసిన డీజీయూలు బయటి దేశాల భవనాలకు వెళ్తున్నాయి. షిప్పింగ్ బిల్లులో ఎనిమిది అంకెలు ఏవి వేస్తే దాన్నిబట్టే ఎగుమతిదారుకు పన్నులు తిరిగి ఇచ్చే పథకమైన రోడ్‌టెప్ తిరుగు మొత్తం వస్తుంది, డ్రాబ్యాక్ కూడా. ఒప్పందం ఉన్న దేశానికి పంపితే మూలం పత్రం మీద ఆరు అంకెలు ఉంటాయి. దిగుమతి చేసుకునే దేశం వాళ్ల అంకెతో అవి సరిపోలకపోతే అక్కడ సరకు ఆగుతుంది, డబ్బు ఇక్కడివాడిది ఆగుతుంది. మనమే మన దిగుమతిలో ఒకలా, ఎగుమతిలో ఒకలా పిలుస్తుంటే అవతలివాళ్లను ఏమని అడుగుతాం?

చట్రం సంగతికి వస్తాను. యూనిట్‌ను అల్యూమినియం చట్రంలో బిగించి, కీళ్లు, గొళ్లెం పెట్టి తెస్తే అది కిటికీ. 7610కి వెళ్తుంది. పీవీసీ చట్రం అయితే 3925, చెక్కదైతే 4418. దీనిమీద నాకు గొడవ లేదు. గొడవంతా మధ్యలో ఉన్నవాటితో. రవాణాలో అంచు విరగకుండా చుట్టూ సన్నటి అల్యూమినియం పట్టీ ఉంటే అది చట్రమా? కాదు, నా అభిప్రాయంలో అది రక్షణ మాత్రమే, యూనిట్ 7008లోనే ఉండాలి. గాజు గోడలకు వాడే యూనిటైజ్డ్ ప్యానెల్, అంటే అల్యూమినియం చట్రం, డీజీయూ, రబ్బరు పట్టీలు కలిపి ఒక అంతస్తు ఎత్తున ఒక్క ముక్కగా వచ్చేది, అది కట్టడంలో భాగం, 7610. చట్రాలు ఒక కంటైనర్‌లో, వాటి డీజీయూలు మరో కంటైనర్‌లో, ఒకే ఓడలో వస్తే? రెండూ కలిపి విప్పిన కిటికీలా, లేక వేర్వేరు సరకులా? ఒక్కో రేవు ఒక్కోలా చెబుతోంది. ఓడ నిండిందని షిప్పింగ్ లైను ఒక కంటైనర్ వదిలేసి వెళ్తే వర్గీకరణ మారిపోవడం సబబు కాదు.

సూపర్ మార్కెట్ ఫ్రీజర్ల తలుపులు కూడా ఇలాగే. కీళ్లు, గాస్కెట్, తేమ పట్టకుండా వేడిచేసే తీగతో పూర్తి తలుపుగా వస్తే ఫ్రీజర్ విడిభాగం, 8418. ఉత్త గాజు యూనిట్‌గా వస్తే 7008. అమెరికా కస్టమ్స్ ఇలాంటి తీర్పులను ఎవరైనా వెతుక్కునేలా బయట పెడుతుంది. ఐరోపా సమాఖ్య తన నిర్ణయాలను కూడా అలాగే పెడుతుంది. అందుకే అక్కడి బ్రోకరు కంటైనర్ ఓడెక్కకముందే పార్టీకి జవాబు చెప్పగలడు.

వ్యాక్యూమ్ గ్లాస్ ఇంకొంచెం లోతైన సందేహం. రెండు పలకల మధ్య మిల్లీమీటరులో చిన్న భాగం మాత్రమే ఉండే ఖాళీ, అందులో గాలే ఉండదు. పలకలు ఒకదానికొకటి అతుక్కోకుండా కంటికి సులువుగా ఆనని చిన్న చిన్న స్తంభాలు నిలబెడతారు. ఇంట్లో వేడినీళ్ల ఫ్లాస్కు సూత్రమే. వివరణల్లో పొడి గాలి, జడ వాయువు అన్నారు, శూన్యం అనలేదు కదా అని ఒక క్వెరీ చూశాను. శీర్షికలోని మాట మాత్రం వాయువు గురించి మాట్లాడదు, ఇన్సులేట్ చేసే బహుళ పొరల యూనిట్ అనే అంటుంది. వివరణలు శీర్షికను విడమరుస్తాయి తప్ప కుదించవు. వేడిని ఆపడంలో ఆర్గాన్ కన్నా మేలైన పని చేసే గాజును, ఆర్గాన్ లేదన్న కారణంతో ఇన్సులేటింగ్ కాదనడం తర్కానికి నిలవదు.

పలకల మధ్య పరదా ఉన్నవి, కరెంటిస్తే రంగు మారేవి కూడా వస్తున్నాయి. సోలార్ సెల్స్ అమర్చి కరెంటు తయారుచేసేవి మాత్రం ఫోటోవోల్టాయిక్ ప్యానెల్, 8541 వైపు వెళ్లడం సమంజసం. మిగతావాటికి ముఖ్య లక్షణం ఏదో మీ నిపుణులు కూర్చుని తేల్చాలి.

ముందస్తు తీర్పు అడగండి అని మీరు అనవచ్చు. 2021 నుంచి ఢిల్లీ, ముంబైలలో అథారిటీలు పని చేస్తున్నాయి. 10,000 రూపాయల ఫీజు, మూడు నెలల్లో తీర్పు, ఆ తీర్పు మూడేళ్లు చెల్లుతుంది. మంచి ఏర్పాటే. నేనూ ఇద్దరు పార్టీల చేత వేయించాను. కానీ ఆ తీర్పు అడిగినవాడికి, అతని విషయంలో సంబంధిత కమిషనర్‌కు మాత్రమే కట్టుబడి ఉంటుంది. పక్క వీధిలో అదే గాజు తెచ్చుకునే చిన్న వ్యాపారి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. జీడిమెట్లలో నాలుగు యంత్రాలతో అద్దాల పని చేసుకునేవాడు, ఒక్క భవనం కోసం ఒకే ఒక్కసారి ఆర్గాన్ యూనిట్లు తెప్పించుకునేవాడు, మూడు నెలలు ఆగి ఢిల్లీ తీర్పు తెచ్చుకోడు. నోరు మూసుకుని ఎక్కువ డ్యూటీ కడతాడు.

మీ చేతిలో అంతకన్నా సూటైన దారి ఉంది. కస్టమ్స్ చట్టం సెక్షన్ 151ఎ, వర్గీకరణలో ఏకరూపత కోసం అధికారులకు ఆదేశాలు, సూచనలు ఇచ్చే అధికారం బోర్డుకే ఇచ్చింది. ఫలానా కేసును ఇలాగే తేల్చమని అందులో చెప్పకూడదు, నిజమే. నేను అడిగేది అది కాదు. టఫెన్ చేసిన, లామినేట్ చేసిన, లో-ఇ పూత ఉన్న పలకలతో చేసినా గాలి చొరకుండా మూసిన యూనిట్ 7008లోనే ఉంటుందని, వ్యాక్యూమ్ యూనిట్ కూడా అక్కడికే వస్తుందని, రక్షణ పట్టీ చట్రం కాదని, చట్రాలూ యూనిట్లూ వేర్వేరు కంటైనర్లలో వస్తే ఏం చేయాలో, సీలు కోయకుండా పరీక్ష ఎలా చేయాలో, రెండు పేజీల సర్క్యులర్ రాయించండి. ముఖం చూడని పద్ధతిలో పనిచేసే అధికారికి కూడా అది కావాలి. ఏ ఊళ్లో కూర్చున్నా, పక్కన అడగడానికి సీనియర్ లేకపోయినా, ఆయన చేతిలో ఒక కాగితం ఉంటుంది. నేను కలిసిన అధికారుల్లో ఎక్కువమంది మంచివాళ్లు. తప్పు శీర్షిక ఒప్పుకుంటే రేపు ఆడిట్‌లో తమను నిలదీస్తారన్న భయంతో ఎక్కువ డ్యూటీ వైపు మొగ్గుతారు. వాళ్ల భయాన్నీ మీరే తీర్చగలరు.

ఆ సర్క్యులర్‌తో పాటు, ఇప్పటికే డెమరేజికి జడిసి 7007 ఒప్పుకున్న బిల్లుల ఆధారంగా పాత బిల్లుల మీద సెక్షన్ 28 నోటీసులు ఇవ్వవద్దని కూడా చెప్పండి. హెచ్‌ఎస్ కొత్త ప్రతి 2028 జనవరి 1 నుంచి వస్తోంది. దానికి తగ్గట్టు మన టారిఫ్‌ను మళ్లీ రాసుకునేటప్పుడు ఈ మాటలన్నీ అందులో కలపడం తేలిక.

ఆ హైదరాబాద్ భవనానికే ఇంకో కంటైనర్ బయలుదేరింది. గత చలికాలం నాలుగు యూనిట్లు పగిలాయి, వాటి బదులు వస్తున్నాయి. ఇన్వాయిస్ నా బల్ల మీదే ఉంది. వివరణ దగ్గర 6 మిల్లీమీటర్ల టెంపర్డ్ లో-ఇ, 12 మిల్లీమీటర్ల ఆర్గాన్, 6 మిల్లీమీటర్ల టెంపర్డ్, సీలు వేసిన ఇన్సులేటింగ్ యూనిట్ అని ఫ్యాక్టరీవాళ్లు ఒక్క మాట దాచకుండా రాశారు. రేపు బిల్ ఆఫ్ ఎంట్రీ వేస్తాను. శీర్షిక దగ్గర 7008 అనే వేస్తాను.

భవదీయుడు,
విశాఖపట్నం నుంచి ఒక కస్టమ్స్ బ్రోకరు